ఊఁ అనగా అంగీకారము

అయినా ఊఁ అనేది మాటే కాదు కదా, నోరు సరిగ్గా తెరవకుండానే పుడుతుంది, సగం గొంతులోంచి సగం ముక్కులోంచి వస్తుంది, పాలు తాగే పసిపిల్ల కూడా అంటుంది, అలాంటిదాన్ని పట్టుకొచ్చి చట్టంలో నిర్వచించాలని మొదట తోచిన బుర్ర ఎలాంటిదై ఉంటుంది, ఆ బుర్రకు చిన్నప్పుడు ఎవరూ కథ చెప్పలేదా, అనుకుంటూ డాక్టరు సోమసుందరం నోట్లోని జీడిముక్కను కుడి దవడ నుంచి ఎడమ దవడకు తోశాడు.

జీడి అతను ఇష్టపడి తినడం లేదు. జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో వాది బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా కాలరుకు గోరంత మైకు గుచ్చి ఉంది. ఎదురుగా జడ్జిగారి బల్ల పక్కన, టిఫిన్ క్యారియరంత యంత్రం ఆకుపచ్చ దీపం వెలిగించుకుని ఆలకిస్తోంది. "పళ్ళు అంటుకుపోవాలండీ డాక్టరు గారూ. అంటుకుపోతేనే మీ కిటికీ మిగుల్తుంది," అని అతని లాయరు మల్లీశ్వరి గేటు దగ్గర బండివాడి దగ్గర కొని స్వయంగా అతని చేతిలో పెట్టింది. బెల్లంపాకంలో నువ్వులు కలిపి సాగదీసిన జీళ్ళు ఒకప్పుడు తిరనాళ్ళలో దొరికేవి. ఇప్పుడు కోర్టు గేటు దగ్గర దొరుకుతున్నాయి. బండి మీద 'కోర్టు జీళ్ళు, గ్యారంటీగా అంటుకొనును' అని బోర్డు ఉంది.

సోమసుందరం హోమియో వైద్యుడు. అతను మందులిచ్చే గదికి ఒక్కటే కిటికీ. అది పక్కింటి బాపిరాజు పెరట్లోకి తెరుచుకుంటుంది. బాపిరాజు ఆ కిటికీకి అడ్డంగా గోడ కడతానని పునాది తవ్వాడు. కట్టకూడదని సోమసుందరం దావా వేశాడు. వెలుతురు లేకపోతే రోగుల నాలుకలు ఎలా చూడటం అని దావాలో రాయించాడు. అది నిజమే గానీ, రాయించేటప్పుడు అది నిజంలో చిన్న ముక్క అని అతనికి తెలుసు. పెద్ద ముక్క ఏమిటో తెలియలేదు. లైటు వేసుకుంటే నాలుక కనబడదా? మరి ఈ కిటికీ కోసం కోర్టు దాకా ఎందుకు వచ్చినట్టు? తన మనసును తాను వెతుక్కోవడం అతనికి పాత జబ్బు. ఎంత వెతికినా, అరలో ఎక్కడో పెట్టి మరచిపోయిన మందుసీసాలాగా, అది చేతికి తగలలేదు.

దావా నడుస్తుండగా చట్టం వచ్చింది.

దాని పేరు సివిల్ న్యాయస్థానముల శ్రవణ సాంకేతిక చట్టం. ఒక్కసారి వింటే ఇక మరచిపోదు కనుక యంత్రానికి ఏకసంథ అని పేరు పెట్టారు. ఇకమీదట సాక్షి చెప్పేది స్టెనో రాయనక్కర్లేదు, జడ్జి రాయించనక్కర్లేదు, ఏకసంథ విన్నదే రికార్డు. అయితే దాన్ని తయారు చేసినవాళ్ళు ఎక్కడో దూరదేశం వాళ్ళు. పరీక్షకని నాలుగు జిల్లాల్లో నడిపి చూస్తే, కాలవల్లో గుర్తు తెలియని శవాలు తేలినట్టు, రికార్డు నిండా గుర్తు తెలియని శబ్దం, గుర్తు తెలియని శబ్దం అని తేలింది. ఎవరేం చెబుతున్నా పక్కనున్నవాడు ఏదో మూలుగుతున్నాడు. ఇదేమిటని ఇంజనీర్లు న్యాయశాఖకు రాశారు. న్యాయశాఖ భాషాశాఖకు రాసింది. భాషాశాఖలో ఒక నిపుణుల సంఘం వేశారు. సంఘం వారు ఎవర్నీ ఏమీ అడగకుండా నిఘంటువు తెరిచి, అందులో ఉన్నది దించి, సంతకాలు చేసి పంపారు.

అలా సెక్షను పుట్టింది. "ఊఁ అనగా అంగీకారము. అది ఎవరు పలికినను, ఎప్పుడు పలికినను, ఏ స్వరమున పలికినను అంగీకారమే యగును."

శాసనసభలో ఈ బిల్లు భోజనాల తర్వాత చర్చకు వచ్చింది. మంత్రిగారు చదువుతూ ఉంటే రెండు పక్షాల వారూ కళ్ళు మూసుకుని ఊఁ, ఊఁ అంటూ విన్నారు. మూజువాణి ఓటుతో ఆమోదం పొందినట్టు సభాపతి ప్రకటించారు. ఒక చట్టం తన నిర్వచనాన్ని తానే పాటించి పుట్టడం మన రాష్ట్రంలో అదే మొదలని పత్రికలు మెచ్చుకున్నాయి.

మొదటి దెబ్బ మంగాయమ్మ అనే ఆవిడకు తగిలింది. కొబ్బరితోటలో వాటా కోసం తమ్ముడి మీద దావా వేసింది. ఆవిడ వాటా కింద బంగారం ఎప్పుడో ముట్టిందని తమ్ముడి లాయరు చెబుతుంటే, వీడు ఎంతదూరం పోతాడో చూద్దామని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. "ఊఁ..." అన్నది. మరికాస్త సాగదీసి "ఊఁ..." అన్నది. అన్నప్పుడల్లా ఏకసంథ ఆడగొంతుతో "వాది అంగీకరించెను" అని చదివింది. తోట తమ్ముడిదైంది. వాడు చెప్పేది అబద్ధమని తెలుసు కాబట్టే గదండీ అంత శ్రద్ధగా విన్నాను, అని ఆవిడ మెట్ల మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకుంది. వాళ్ళంతా జాలిగా ఊఁ కొట్టారు.

లాయర్లకు చురుకు పుట్టింది. అంతవరకూ దావా చదివితే జడ్జీలకు నిద్ర పట్టించే ఒక పెద్ద లాయరు, హరికథ చెప్పే భాగవతారును జూనియరుగా పెట్టుకున్నాడు. "అనగనగా సర్వే నంబరు నూటపద్నాలుగు అని ఒక పొలం. ఆ పొలానికి ఇద్దరు అన్నదమ్ములు," అని భాగవతారు మొదలుపెట్టేవాడు. ప్రతివాదులు ముందుకు వంగేవారు. పెద్దవాడు కపటి. చిన్నవాడు అమాయకుడు. ఒకనాడేమైందయ్యా అంటే, అని ఆయన ఆపి చుట్టూ చూసేవాడు. పుట్టి బుద్ధెరిగిన తెలుగువాడెవడూ ఆ ఆగిన చోట ఊఁ అనకుండా ఉండలేడు. అన్నవాడి పొలం పోయేది. పోయిందని తెలిసినా, తర్వాత చిన్నవాడేమయ్యాడో చెప్పమని బతిమాలిన వాళ్ళున్నారు.

అసలు అంగీకారానికి ఈ గోదావరి ఒడ్డున వేరే మాట ఉంది. అవునండీ అనవలసిన చోట 'ఆయ్' అంటారు. ఏకసంథకు ఆయ్ తెలియదు. ఈ సంతకం నీదేనా అని లాయరు అడగడం, ఆయ్ అని సాక్షి అనడం, "సాక్షి బాధ వ్యక్తపరచెను" అని యంత్రం చదవడం. బాధ వ్యక్తపరచిన సాక్షిని వెంటనే వైద్యానికి పంపాలని నిబంధన. ప్రభుత్వాసుపత్రిలో చోటు చాలక కొందరు సోమసుందరం దగ్గరికి కూడా వచ్చారు. ఎక్కడ నొప్పి అంటే తమకేమీ తెలియదని, కోర్టువారు ఉందంటే వచ్చామని అన్నారు.

కాదు అనడానికి ఊహూఁ అన్నవాళ్ళ గతి ఇంకా చిత్రం. మొదటి సగం అంగీకారమనీ రెండో సగం నిరాకరణ అనీ యంత్రం విడదీసి రాసింది. దాన్ని బట్టి ఒక ప్రహరీలో సగం కూల్చమని డిక్రీ అయింది. ఏ సగమో చెప్పలేదు గనక ఇద్దరూ వచ్చి చెరొక సగం కూల్చుకుపోయారు.

చివరికి ఒక జడ్జిగారే వాదన వింటూ పరధ్యానంగా ఊఁ అన్నారు. అద్దె కొంపలో ఉన్న ఒక ప్రభుత్వ కార్యాలయం బీరువాలతో సహా రోడ్డు మీద పడింది. వెంటనే సర్క్యులరు వచ్చింది. "న్యాయాధికారులు వాదనలు వినునప్పుడు వినుచున్నట్లు కనబడరాదు." ఈ నిబంధన వల్ల పాతవారెవరూ ఇబ్బంది పడలేదు.

జనంలో అపోహలు తొలగించడానికి రాజధాని నుంచి శ్రవణ సాంకేతిక అమలు సంచాలకులు వేంచేశారు. బార్ అసోసియేషను హాల్లో సభ. సోమసుందరం కూడా మల్లీశ్వరి వెంట వెళ్ళి వెనక కూర్చున్నాడు. సంచాలకులుగారు నున్నని మనిషి. ఆయన మాట కూడా అంత నున్నగా, ఎక్కడా వేలు ఆనకుండా జారిపోతోంది. అస్పష్టతకు తావులేని ధ్వని వాతావరణాన్ని పౌరుని గుమ్మం ముందుకు తీసుకువెళ్ళడమే ప్రభుత్వ లక్ష్యమని, ఊఁ అనేది ఒక అసంఘటిత శబ్దమని, అసంఘటిత రంగాలన్నిటినీ క్రమబద్ధీకరిస్తున్న ఈ తరుణంలో దాన్ని మాత్రం గాలికి వదిలెయ్యడం బాధ్యతారాహిత్యం కాగలదని చెప్పారు.

మల్లీశ్వరి లేచింది. "అయ్యా, కోర్టులో ఒకడు అబద్ధం చెప్పాడనుకోండి. మీ మిషను ఏం రాసుద్దండీ?"

"అమ్మా, అబద్ధం ఈ చట్టంలో నిర్వచింపబడలేదు," అన్నారాయన ఓపికగా. "ఊఁ మాత్రమే నిర్వచింపబడింది. నిర్వచింపబడినదాని పరిధిలోనే మనం మాట్లాడుకోవాలి."

హాలంతా, ఏం చెయ్యాలో తోచక, ఊఁ అంది. సభికుల ఏకగ్రీవ ఆమోదం నమోదైందని ఆయన చిరునవ్వుతో చెప్పి పూలదండతో వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఊళ్ళో ఆ శబ్దం పేరు కూడా పలకడం మానేశారు. ఫోన్లలో కూడా ఏకసంథ ఉందని పుకారు పుట్టింది. బియ్యం ఏరుకుంటూ కబుర్లు చెప్పుకునే ఆడవాళ్ళు ఒకరు చెప్పి ఊరుకుంటే రెండోవారు గోడవంక చూసేవారు. కథ చెప్పమని పిల్లలు అడిగితే, నువ్వు ఆ శబ్దం చెయ్యనంటే చెబుతాను అని తల్లులు షరతు పెట్టేవారు. చెయ్యకుండా వింటుంటే తల్లులకే కథ మధ్యలో దారి తప్పేది.

సోమసుందరానికి ఇది వృత్తికే చేటైంది. అలవాటు తప్పితే గాని కోర్టులో నోరు ఆగదని మల్లీశ్వరి గట్టిగా చెప్పింది. ఇంటి దగ్గర మానెయ్యండి, రోగుల దగ్గర మానెయ్యండి, కలలో కూడా మానెయ్యండి అన్నది. మానేశాడు. రోగి వచ్చి కూర్చుని, తెల్లారగట్ల గుండెల్లో ఏదో బరువుగా ఉంటుందండీ అని మొదలుపెట్టి, ఆగి, కాసేపు చూసి, అంతేనండీ అనేవాడు. అంతే కాదని సోమసుందరానికి తెలుసు. ఆ బరువు వెనక కొడుకో, కోడలో, చచ్చిపోయిన ఎద్దో ఏదో ఉంటుంది. అది ఊఁ వెంబడి, బావిలోంచి చేదలాగా, మెల్లిగా పైకి రావాలి. బదులుగా తల ఊపి చూశాడు. పని చెయ్యలేదు. కష్టం చెప్పుకునేవాడు ఎదుటివాడి మొహం చూడడు, నేలను చూస్తాడు. నేలను చూసేవాడికి తల ఊపు కనబడదు. ఇన్నేళ్ళ వైద్యంలో ఈ సంగతి గమనించనేలేదు, అవసరం రాలేదు. మెల్లిగా రోగులు రావడం తగ్గించారు. వచ్చినవాళ్ళు మందు పేరు చెప్పి కొనుక్కుపోయారు.

కోర్టుల్లో మాత్రం దావాలు జోరుగా తెగాయి. సాక్షి ఒక వాక్యం చెబుతాడు, ఆ శబ్దం కోసం ఆగుతాడు, రాదు, రెండో వాక్యం మరచిపోతాడు, దిగిపోతాడు. వాంగ్మూలాలు క్లుప్తమైనందుకు రాష్ట్రానికి ఏదో పురస్కారం కూడా వచ్చింది. ఆ ఊపులో చట్టాన్ని సవరించారు. సాక్షి మాట ఆపిన తర్వాత దీపం ఆకుపచ్చ నుంచి పసుపుకూ, పసుపు నుంచి ఎరుపుకూ మారేలోగా ప్రతిపక్షం నుంచి ఊఁ లభించకపోతే, సాక్షి తన వాంగ్మూలం విరమించుకున్నట్టే.

అంటే వినేవాడు ఓడిపోవాలి, లేదా చెప్పేవాడు ఓడిపోవాలి. ఇద్దరూ మిగిలే దారి చట్టంలో లేదు. అలాంటి దారి గురించి శాసనసభ ఆలోచించలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆలోచించడానికైనా ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి.

"ఇవాళ మనకి వాదన కూడా అక్కర్లేదండీ," అన్నది మల్లీశ్వరి పొద్దున. "బాపిరాజుగారు అసలే రెండు మాటలు కలిపి మాట్లాడలేరు. ఒకటంటారు, ఆగుతారు. ఎర్రదీపం వచ్చేదాకా మీరు బొమ్మలా కూర్చోండి. వాంగ్మూలం పోతే వాళ్ళ కేసు పోయినట్టే. కిటికీ మీది."

సోమసుందరం దవడ కదిపి చూశాడు. కదలలేదు. జీడి చక్కగా పట్టేసింది.

బాపిరాజును బోనులోకి పిలిచారు. నిలువెత్తు మనిషి. చిక్కిన మెడ చుట్టూ చొక్కా వదులుగా వేలాడుతోంది. పునాది తవ్విన రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు. సోమసుందరం అతని మొహం ఇంత దగ్గరగా చూసి చాలా కాలమైంది. కుడి చెవి కింద గడ్డం ఒకచోట గీసుకోవడం మరచిపోయాడు. భార్య సుభద్రయ్యమ్మ ఉంటే గుమ్మం దాటనిచ్చేది కాదు, అనుకున్నాడు.

వాది కిటికీ వలన కలుగుతున్న ఇబ్బందిని కోర్టువారికి మనవి చెయ్యమని అతని లాయరు అన్నాడు.

"ఆయ్," అన్నాడు బాపిరాజు.

"సాక్షి బాధ వ్యక్తపరచెను," అన్నది ఏకసంథ.

గుమస్తాలు అలవాటుగా నవ్వుకున్నారు. వైద్యం అక్కర్లేదని బాపిరాజు చేత్తోనే సైగ చేశాడు. వాస్తు సంగతి చెప్పండి, ఈశాన్యం సంగతి చెప్పండి అని లాయరు అందించాడు.

"వాస్తని మీరు రాశారండి. వాస్తేం లేదు," అన్నాడు బాపిరాజు. లాయరు మొహం ముడుచుకుంది. "మా ఆవిడండి. మజ్జానం పూట ఆ కిటికీ కింద పీటేసుక్కూచునేది. చింతపండు పిక్కలు తీసుకుంటా ఒకటే కబుర్లు. వాళ్ళ పుట్టింటి కోడిపుంజు దగ్గిర్నించి ఊళ్ళో పెళ్ళిళ్ళ దాకా. నాకేమో వినే ఓపిక లేదు. డాక్టరు లోపల మందులు కలుపుకుంటా... ఆ శబ్దం చేసేవాడు."

ఆగాడు. దీపం పసుపుకు తిరగబోయింది. మళ్ళీ తనే అందుకున్నాడు.

"పోయినేడు ఆవిడ పోయింది. ఇతను మాత్రం రోగుల్తో ఆ శబ్దం చేస్తానే ఉన్నాడు. ఎవరి వృత్తి వారిదిలెండి. నేను వీధరుగు మీద ఉండేవోణ్ణి. కిటికీలోంచి వినపడేది. వినపడగానే పెరట్లో సుభద్ర ఉందనుకునేవోణ్ణి. లేచి వెళ్ళేవోణ్ణి. పీటొక్కటే ఉండేది."

జడ్జిగారు వింటున్నట్టు కనబడకుండా ఉండడానికి కాగితాలు తిప్పారు.

"ఎన్నిసార్లని లేస్తాను, డాక్టరూ. మూసెయ్యాలి దాన్ని."

అని బోను కటకటాలు పట్టుకుని నేలను చూస్తూ నిలబడ్డాడు. ఇంకా ఏదో ఉంది. ఉన్నదని సోమసుందరానికి వైద్యుడిగా తెలుసు, అంతే కాదని తెలుసు. చేద బావిలో సగంలో ఉంది. దీపం పసుపైంది.

మల్లీశ్వరి మోచేత్తో అతన్ని తాకింది. ఆవిడ కళ్ళు దీపం మీదే ఉన్నాయి. ఒక్క నిమిషం, అని ఆ మోచెయ్యి అంటోంది. హాల్లో ఎవరూ కదలడం లేదు. గుమస్తాలు, ప్యూను, తమ వంతు కోసం కూర్చున్న వాదులు, ప్రతివాదులు అందరి దవడల్లోనూ జీళ్ళు ఉన్నాయి, అందరూ విన్నారు, అందరూ పళ్ళు బిగబట్టుకుని గోడలవంక చూస్తున్నారు. ఇంతమంది కలిసి ఒక మనిషి మాటను నేల మీద పడనివ్వడానికి ఎంత చదువు, ఎంత ఖర్చు, ఎంత శాసనం కావలసి వచ్చింది అని సోమసుందరం అనుకున్నాడు.

రోగులెవరూ లేని మధ్యాహ్నాలు కూడా, పోయినేడు, ఆ కిటికీ వైపు తిరిగి తను ఒకటి రెండుసార్లు ఊఁ అన్నట్టు గుర్తొచ్చింది. ఎవరికి? వెతుకుతున్న సీసా అరలో ముందువరసలోనే ఉంది. దాని పేరు కూడా చదవగలిగాడు. సుభద్రయ్యమ్మ తన మనిషి కాదు. ఆ కబుర్లు మాత్రం తనవి. ఆవిడ భర్త వాటిని వినలేదు, తను విన్నాడు. ఇప్పుడు వాళ్ళిద్దరికీ మిగిలింది ఒకే ఖాళీ పీట, ఇటుపక్క ఒకడు, అటుపక్క ఒకడు.

తల ఊపాడు. బాపిరాజు చూడలేదు. నేలను చూస్తున్నాడు.

పసుపు దీపం అంచు ఎర్రబడింది. సోమసుందరం జేబురుమాలు తీశాడు. నోట్లో వేలు పెట్టి, ఎడమ దవడకు అంటుకున్న జీడిని గోటితో పెకలించి, జేబురుమాల్లో పెట్టి మడిచాడు. మల్లీశ్వరి అతని చెయ్యి పట్టుకుంది. అతను ఆ చేతిని మెల్లిగా విడిపించుకుని, బోను వైపు కొంచెం ముందుకు వంగి,

"ఊఁ," అన్నాడు.